మిద్దె మీద ఉద్యోగం

సోలార్ ప్యానెళ్ళ కోర్సు మొదలైన వారంలోనే నా క్లాసు ఆడపిల్లల్ని మిద్దె ఎక్కించారు. నెత్తిన పసుపు హెల్మెట్, నడుముకు సేఫ్టీ బెల్టు, చేతిలో స్పానర్. ఫోటోగ్రాఫర్ కింద నిలబడి, "కొంచెం నవ్వండమ్మా, సూర్యుడి వైపు చూస్తూ నవ్వండి" అన్నాడు. నరసరావుపేట ఎండలో సూర్యుడిని చూసి నవ్వే మనిషి ఇంతవరకు పుట్టలేదు. అయినా పిల్లలు కళ్ళు చికిలించుకుని నవ్వారు. ఆ ఫోటో పెద్ద ఫ్లెక్సీ అయి మా ట్రైనింగ్ సెంటర్ గేటు మీదికెక్కింది. దాని కింద ఆకుపచ్చ అక్షరాలతో 'హరిత ఉద్యోగాలు, యువతకు భవిత' అని రాయించారు.

ఫోటో తీయడం అయిపోగానే ఇన్‌చార్జి సారు నన్ను పక్కకు పిలిచారు. "మేడమ్, రేపటినుంచి ప్రాక్టికల్స్‌కి మగపిల్లల్ని పైకి పంపండి. ఆడపిల్లలకు కింద వైరింగ్ బోర్డు మీద నేర్పితే చాలు. ఎవరన్నా జారిపడితే మనకెందుకొచ్చిన తలనొప్పి?"

"మరి ఇందాక ఎక్కినప్పుడు జారరా సార్?"

"అది ఫోటోకి కదండీ" అన్నారాయన, అదేదో పెద్ద తేడా అయినట్టు.

ఒళ్ళు మండింది. నేనేమీ శాంతమూర్తిని కాను, మా ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు. కానీ ఆ రోజు అరవలేదు. మర్నాడు ప్రాక్టికల్ టైముకి ఆడపిల్లలందరికీ బెల్టులు కట్టించి, ముందు నేనే నిచ్చెన ఎక్కి, పైనుంచి "రండే" అని పిలిచాను. సారు వరండాలో నిలబడి చూశారు. చూసి లోపలికి వెళ్ళిపోయారు. సోలార్ పని చేత్తో చేసి చూపించే ట్రైనర్ మళ్ళీ దొరకడం ఎంత కష్టమో ఆయనకు తెలుసు. ఆ సంగతి ఆయనకు తెలుసని నాకూ తెలుసు.

మాది వినుకొండ. బస్టాండు వెనక మా నాన్నకు మోటార్ వైండింగ్ షెడ్డు ఉండేది. కాలిపోయిన బోరు మోటార్లు చుట్టుపక్కల ఊళ్ళనుంచి ట్రాక్టర్ల మీద వచ్చేవి, ఆటోల్లో వచ్చేవి, ఒక్కోసారి సైకిలు క్యారేజీకి కట్టి తెచ్చేవాళ్ళు. బడి వదలగానే బురఖా మేకుకు తగిలించి, నాన్న పక్కన కూర్చుని రాగి తీగ చుట్టేదాన్ని. మా ఫుప్పు, అంటే నాన్నకు అక్క, షెడ్డు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ఆగి అరిచేది. "ఆడపిల్ల చేతులకు గ్రీజు పూస్తన్నావు. రేపు దీన్ని ఎవడు చేసుకుంటాడురా?"

నాన్న తలెత్తేవాడు కాదు. "కరెంటుకి ఆడా మగా తెలవదక్కా. పని రానోడు ముట్టుకుంటే కొట్టుద్ది. వచ్చినోడు ముట్టుకుంటే ఊరుకుంటది" అనేవాడు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరితే క్లాసు మొత్తానికి నేనొక్కదాన్నే ఆడదాన్ని. "అక్కా, ఫ్యూజు మారుస్తావా, గాజులు మారుస్తావా" అని మగపిల్లలు ఏడిపించేవాళ్ళు. వాళ్ళలో కొందరు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి, ఇన్వర్టర్ మీద ఏదో ఎర్రర్ చూపిస్తోంది, దానర్థమేంది అని అడుగుతుంటారు. చెప్తాను, ఎందుకు చెప్పను? కాకపోతే చెప్పేముందు "గాజులు మార్చావా తమ్ముడూ" అని అడుగుతాను.

ఇక అసలు సంగతికొస్తాను. ఆ బ్యాచ్‌లో నూజెండ్ల వైపునుంచి వచ్చిన ఒక పిల్ల ఉండేది. ఇంటర్ అయింది. అమ్మానాన్నా మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్తారు. ఆదివారాలు వాళ్ళ ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది ఈ పిల్లేనట. క్లాసులో మాత్రం నోరు విప్పేది కాదు. ఏదన్నా అడిగితే బెంచీ చెక్కవైపు చూసి సమాధానం చెప్పేది. మిద్దె ఎక్కిందంటే వేరే మనిషి. ప్యానెల్ వంపు సరిగ్గా రాకపోతే మగపిల్లల్ని కూడా తోసుకుంటూ వెళ్ళి, "లెయ్యిరా, ఇట్టాగేనా పెట్టేది" అని సరిచేసేది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం అందరూ నీడకు పోయినా తనొక్కతే పైన క్లాంపులు బిగిస్తుంటే, "ఏమే, ఇంత ఎండలో నీకంత సంబరమేందే?" అని అడిగాను.

"ఇన్నేళ్ళూ ఎండలో మేం చాకిరీ చేశాం మేడమ్. ఇప్పుడు ఎండ చేతే చాకిరీ చేయిస్తా" అంది.

ఆ పిల్లను చేర్పించడానికి వచ్చినప్పుడు వాళ్ళ నాన్న అన్న మాట నా బుర్రలోంచి పోలేదు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని, నిలబడే మాట్లాడాడాయన. "మేడమ్, ఈ కోర్సు అయిందాకా దీన్ని ఏ పనికీ పిలవను. అయినాక ఉద్యోగమొస్తే మంచిదే. రాకపోతే గుంటూరు కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి పంపిస్తా. మా ఊరోళ్ళు చానామంది ఆడే ఉన్నారు. ఊరికే కూర్చోబెట్టే తాహతు నాకు లేదు."

ఆయన చెడ్డవాడు కాదు. ఉన్నమాట చెప్పాడు. కానీ మిరపకాయలకు తొడిమలు తీసే పని తెలిసినవాళ్ళకే ఆ మాట ఎంత బరువో తెలుస్తుంది. సాయంత్రానికి చేతులు భగ్గుమంటాయి. అన్నం కలుపుకోవడానికి కూడా భయం. మరిచిపోయి కళ్ళు తుడుచుకుంటే ఇక చెప్పక్కర్లేదు. అంతకుముందు బ్యాచ్‌లలో ఉద్యోగం రాక అటు వెళ్ళిన నా ఆడపిల్లల్లో ఒక్కతి కూడా మళ్ళీ స్పానర్ పట్టుకోలేదు. పండక్కి కనపడితే చేతులు చున్నీలో దాచుకుంటారు. ఈ పిల్ల చేతులు కూడా అట్లా దాచుకునే రోజు వస్తుందేమోనని నాకు గుబులు.

కోర్సు చివర్లో ఒక సోలార్ కంపెనీ మేనేజరు మనుషుల్ని ఎంచుకోవడానికి వచ్చాడు. ఇళ్ళ మిద్దెల మీద ప్యానెళ్ళు బిగించే కంపెనీ. ఇస్త్రీ చొక్కా, మంచి మాటకారి. ముందు అందరి చేతా మిద్దె మీద ఒక్కో ప్యానెల్ పెట్టించి చూశాడు. మగపిల్లల్ని అందరినీ టెక్నీషియన్లుగా తీసుకున్నాడు. వాళ్ళలో ఒకడికి క్లాంపు తలకిందులుగా పెట్టే జబ్బు చివరిదాకా నయం కాలేదు, వాడిని కూడా తీసుకున్నాడు. ఆడపిల్లల వంతు వచ్చేసరికి పెన్ను మూత పెట్టేశాడు.

"వీళ్ళను టెలికాలర్లుగా తీసుకుంటామండీ. ఏసీ రూము, కూర్చుని ఫోన్లు చేయడమే. సేఫ్ జాబు."

నూజెండ్ల పిల్ల లేచి నిలబడింది. "నేను మిద్దె పనికి వస్తా సార్."

"అట్లా కుదరదమ్మా. పల్లెటూళ్ళల్లో ఆడపిల్లలు ఇళ్ళ మీదికి ఎక్కితే ఒప్పుకోరు. కస్టమర్లు ఏమనుకుంటారు?"

ఇక నా నోరు ఆగలేదు. "ఏమనుకుంటారండీ? అసలు మన ఇళ్ళల్లో మిద్దె ఎవరిది? పొద్దున లేస్తే బట్టలారేసేదెవరు? వడియాలు పెట్టేదెవరు? మిరపకాయలు ఆరబోసి, మబ్బు పట్టగానే పడీ లేచీ పరుగెత్తి పట్టాలు కప్పేదెవరు? మీ ఇంటి మిద్దె మీరు ఎప్పుడన్నా ఎక్కారా, ఫోన్లో సిగ్నల్ కోసం తప్ప? మిరపకాయలు ఆరబోయడానికి ఎక్కితే ఆడపిల్లా, ప్యానెల్ బిగించడానికి ఎక్కితే మగరాయుడా?"

ఇన్‌చార్జి సారు దగ్గారు. మగపిల్లలు నేల చూపులు చూశారు. మేనేజరు మాత్రం చిన్నపిల్లల అలక చూసి నవ్వినట్టు నవ్వి, "మేడమ్ మంచి ఫైర్ మీదున్నారు" అని ఫైలు సర్దుకుని లేచాడు. తిట్టినా అంత కోపం వచ్చేది కాదు నాకు.

మిగతా ఆడపిల్లలు టెలికాలర్ ఉద్యోగానికి ఒప్పుకున్నారు. వాళ్ళని నేను తప్పు పట్టను, ఎవరి ఇంటి పొయ్యి సంగతి వాళ్ళకు తెలుసు. నూజెండ్ల పిల్ల మాత్రం ఒప్పుకోలేదు. గేటు దగ్గర, తన ఫోటో ఉన్న ఫ్లెక్సీ కిందే నిలబడి వాళ్ళ నాన్నకు ఫోన్ చేసింది. "వచ్చే సోమవారం దాకా ఆగు నాన్నా, ఆ తర్వాత నువ్వు యాడికి పొమ్మంటే ఆడికి పోతా" అంటుంటే విన్నాను. నేను నాకు తెలిసిన షాపులన్నిటికీ, మోటారు షెడ్లన్నిటికీ ఫోన్లు చేశాను. అందరిదీ ఒకటే ప్రశ్న: "అబ్బాయా, అమ్మాయా?" అమ్మాయి అనగానే, మళ్ళీ చేస్తామక్కా అనేవాళ్ళు. ఒక్కరూ మళ్ళీ చేయలేదు.

శనివారం పొద్దున మేనేజరే ఫోన్ చేశాడు. గొంతులో ఆ నవ్వు లేదు. "మేడమ్, మీ స్టూడెంట్, ఆ మిద్దె పని అడిగిన అమ్మాయి, ఖాళీగానే ఉందా?"

జరిగిందేమిటో అతను సగం మింగి సగం చెప్పాడు. మిగతాది తర్వాత ఆ ఊరివాళ్ళే నాకు కథలు కథలుగా చెప్పారు.

గురజాల దాటాక ఒక ఊళ్ళో, ఒక వీధి వీధంతా ఈ కంపెనీతో ప్యానెళ్ళు పెట్టించుకోవడానికి ఒప్పుకుంది. ఆ వైపు ఊళ్ళల్లో నాపరాయికి కొదవ లేదు. దొడ్లో నాపరాళ్ళు నాలుగువైపులా నిలబెడితే అదే స్నానాల గది. పైన కప్పుండదు. అందుకని అక్కడ ఒక కట్టుబాటు ఉంది. మగవాడు మిద్దె ఎక్కాలంటే ముందు కిందినుంచి కేక వేయాలి, "మిద్దె ఎక్కుతున్నామమ్మో" అని. ఆడవాళ్ళు లోపలినుంచి "ఆగండయ్యా" అంటే ఆగాలి, "ఎక్కండి" అంటే ఎక్కాలి. తాటిచెట్టు ఎక్కేవాళ్ళు వేసే కేక లాంటిదే. సొంత ఇంటి మిద్దె అయినా సరే, కేక వేయకుండా ఎక్కేవాడిని మనిషి కింద లెక్కకట్టరు. ఏ పుస్తకంలోనూ లేకపోయినా నా స్టూడెంట్లకు నేను నేర్పే మొదటి పాఠం ఇదే. అది నేర్పుతుంటే ఇన్‌చార్జి సారు "సిలబస్‌లో లేనివి ఎందుకండీ" అన్నారు.

కంపెనీ ఆ ఊరికి పంపింది మా పిల్లల్ని కాదు, పట్నంనుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళని. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కేకా లేదు పాడూ లేదు, పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఎక్కేశారు. ఆ సమయానికి పక్కింటి కోడలు నాపరాళ్ళ మధ్య స్నానం చేస్తోంది. ఆమె పెట్టిన కేకకు వీధంతా లేచింది. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, తిట్లతోనే సరిపెట్టారు. కానీ ఎదురింటి పెద్దమ్మ ఒకామె ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి, నిచ్చెన లాగి, తన ఇంట్లో పెట్టుకుని తలుపేసుకుంది. కుర్రాళ్ళు మధ్యాహ్నం దాకా మిద్దె మీదే ఉండిపోయారు, కాలే గచ్చు మీద కాలు మార్చి కాలు వేసుకుంటూ. మంచినీళ్ళ సీసాలు మాత్రం కిందినుంచి విసిరారట. పల్నాటివాళ్ళం, కోపం కోపమే, దాహం దాహమే. చివరికి మేనేజరు వచ్చి వీధిలో అందరికీ చేతులు జోడిస్తే నిచ్చెన బయటికి వచ్చింది. నిచ్చెనతోపాటు పెద్దమ్మ తీర్పు కూడా వచ్చింది. "ఇయ్యాల్టినుంచి మీ మగోళ్ళెవరూ మా మిద్దెలెక్కడానికి లేదు."

పల్లెటూళ్ళల్లో ఆడపిల్ల మిద్దెక్కితే ఒప్పుకోరన్న పెద్దమనిషి, ఇప్పుడు మిద్దెక్కడానికి ఆడపిల్ల కావాలని నాకు ఫోన్ చేస్తున్నాడు. నేను ఫోన్ దూరంగా పెట్టి, కరువుతీరా నవ్వుకుని, మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఖాళీగానే ఉందండీ. టెక్నీషియన్ ఉద్యోగమేనా?"

"ముందు పని చూద్దాం మేడమ్, తర్వాత..."

"ఆ పిల్ల పని మీరు మా సెంటర్లో చూశారు. టెక్నీషియనైతే వస్తుంది, లేకపోతే లేదు."

"సరే మేడమ్, టెక్నీషియనే" అన్నాడు.

మర్నాడు ఆదివారం. పిల్ల చర్చి మానుకుని వచ్చింది. నేనూ వెంట వెళ్ళాను, ఒక్కదాన్ని పంపే ధైర్యం లేక కాదు, ఆ మేనేజరు మాట మీద నమ్మకం లేక. కంపెనీ బండిలో ఆ ఊరు చేరేసరికి పట్నం కుర్రాళ్ళిద్దరూ గోడ పక్కన తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళు మొన్న ఎక్కిన ఇంటి మిద్దె మీద ఇనుప స్ట్రక్చర్ సగం బిగించి వదిలేసి ఉంది. ఆ ఇంటామె ఒంటరి మనిషి, మిరప సొంతంగా సాగు చేసుకుంటుంది. ఎదురింటి అరుగు మీద నిచ్చెన పెద్దమ్మ కూర్చుని ఉంది, వక్కలాకు నములుతూ.

మేనేజరు పిల్లను పిలిచి మెల్లగా చెప్పాడు. "నువ్వేం కష్టపడక్కర్లేదమ్మా. ముందు నువ్వెక్కి, కేకేసి, పిట్టగోడ మీద కూర్చో. ఆడపిల్ల ఉందంటే వీళ్ళకు భరోసా. తర్వాత మావాళ్ళు ఎక్కి పని చేసుకుంటారు."

"దిష్టిబొమ్మ కావాలంటే చేలో బోలెడున్నాయి, ఒకటి పీక్కొచ్చుకోవాల్సింది" అన్నాను. పిల్ల నన్ను చేత్తో వారించింది. రూళ్ళ చీటీ కుట్టి ఉన్న కంపెనీ బెల్టు కట్టుకుంది, హెల్మెట్ పెట్టుకుంది, నిచ్చెన మొదట్లో నిలబడి గొంతెత్తింది.

"అక్కల్లారో! అత్తల్లారో! మిద్దె ఎక్కుతున్నా! చూసుకోండమ్మో!"

చర్చిలో పాట ఎత్తుకునే గొంతు కదా, వీధి చివరి ఇంటిదాకా వినపడింది. అటునుంచి ఒకామె, ఇటునుంచి ఒకామె "ఎక్కమ్మా, ఎక్కు" అన్నారు. పిల్ల చకచకా ఎక్కేసింది. ఆమె వెనకే పట్నం కుర్రాడొకడు నిచ్చెన మీద కాలు పెట్టాడు.

అరుగు మీదినుంచి పెద్దమ్మ వక్కలాకు పక్కకు ఉమ్మేసి, "ఒరేయ్, దిగు" అంది. "ఎక్కమంది ఆ పిల్లని. నిన్ను కాదు."

కుర్రాడు మేనేజర్ని చూశాడు. మేనేజరు పెద్దమ్మను చూశాడు. పెద్దమ్మ నిచ్చెనను చూసింది. కుర్రాడు కాలు తీసేశాడు.

"ఒక్కతే అన్ని ప్యానెళ్ళు ఎట్లా పెడుతుందండీ?" అన్నాడు మేనేజరు. నేను బురఖా తీసి మడిచి ఆ ఇంటామె చేతికిచ్చి, "ఇద్దరం ఉన్నాం" అని నిచ్చెన ఎక్కాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి, మననివ్వండి.

కింద కుర్రాళ్ళు తాళ్ళు కట్టి ఒక్కో ప్యానెల్ అందిస్తుంటే మేం పైకి లాగాం. నేను చెయ్యందించడం వరకే. కొలతలు, బిగింపులు, వైర్లు అన్నీ ఆ పిల్లే చూసుకుంది. కాసేపటికి చుట్టుపక్కల మిద్దెల మీద బట్టలారేసే వంకతో ఆడవాళ్ళు చేరారు. ప్రశ్నలు మొదలయ్యాయి. వానొస్తే షాకు కొట్టదా? కోతులు పీకితే ఏంది గతి? మిరపకాయలు ఇంక యాడ ఎండబోసుకోవాలి? పిల్ల చేతులాపకుండా అన్నిటికీ జవాబులు చెప్పింది. ప్యానెళ్ళ ఎత్తు చూపించి, కింద ఖాళీ ఉంటది, ఆ నీడన వడియాలు ఎండవు గానీ నువ్వు కూర్చోవచ్చు అత్తా అంది.

ఒకామె మూతి తిప్పి, "ఏమే, పగలంతా ఇనుము మోస్తే సాయంత్రం నీ మొగుడికి కూడెవరు వండుతారే?" అంది.

"మొగుడు ఇంకా రాలేదత్తా. వచ్చేవాడికి వంట వచ్చో రాదో అడిగే తెచ్చుకుంటా."

మిద్దెలన్నీ నవ్వాయి. ఆ అడిగిన ఆమె అందరికన్నా గట్టిగా నవ్వింది. క్లాసులో బెంచీ చెక్కవైపు చూసి మాట్లాడే పిల్ల ఈ పిల్లేనా అని నాకే అనుమానం వచ్చింది.

పొద్దు వాలేముందు పని దాదాపు అయిపోయింది. నేను నీళ్ళకోసం కిందికి దిగాను. మేనేజరు బండి పక్కన నిలబడి, నన్ను చూసుకోకుండా, ఆఫీసుకు ఫోన్లో చెప్తున్నాడు. "హెల్పర్ కింద వేయండి. రోజు కూలీ మీద. ఈ వీధి అయ్యేదాకా చాలు, తర్వాత చూసుకుందాం."

నీళ్ళ చెంబు అక్కడే పెట్టేశాను. "ఏందండీ ఇది? నిన్న ఫోన్లో ఏమన్నారు?"

అతను తడబడ్డాడు గానీ తొందరగానే సర్దుకున్నాడు. "మేడమ్, టెక్నీషియన్ గ్రేడులో లేడీస్‌ని తీసుకోవాలంటే పైవాళ్ళ అప్రూవల్ కావాలి. నా చేతుల్లో ఏముంది చెప్పండి?"

"మగపిల్లల్ని తీసుకున్న రోజు అన్నీ మీ చేతుల్లోనే ఉన్నాయే! క్లాంపు తలకిందులుగా పెట్టేవాడికి అక్కడికక్కడే టెక్నీషియన్ అని రాశారు. ఈ పిల్ల దగ్గరికి వచ్చేసరికి చేతులు పడిపోయాయా?"

పెద్దమ్మ అరుగు దిగి వచ్చింది. సంగతి అడిగి తెలుసుకుని, "ఏరు దాటిందాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్యా? బాగుందయ్యా నీ వరస" అంది.

పైనుంచి పిల్ల తొంగిచూసింది. అంతా విన్నది. "సార్, ఇంకొక్క కనెక్టరు మిగిలింది" అంది.

"పెట్టేసి దిగమ్మా, పొద్దు పోతోంది."

"పెట్టను సార్."

ప్యానెళ్ళన్నీ వరసగా వైర్లతో కలిపి, చివరి కనెక్టరు ఒక్కటి విడిగా ఉంచి, అన్నీ సరిచూసుకున్నాకే దాన్ని కలపాలి. అది కలిపితేనే కిందికి కరెంటు వస్తుంది. దాని రెండు కొసలు రెండు చేతుల్లో పట్టుకుని పిట్టగోడకు ఆనుకుని నిలబడింది ఆ పిల్ల.

"హెల్పరు ఇది కలపకూడదు సార్. టెక్నీషియనే కలపాలి. మీ కంపెనీ రూలే, మీరిచ్చిన బెల్టు మీదే కుట్టి ఉంది. నేను హెల్పర్ని అయితే ముట్టుకోను. టెక్నీషియన్ని అయితే ఆ మాట నా ఫోన్‌కి పంపియ్యండి, కలుపుతా."

మేనేజరు ముఖం ఎర్రబడింది. "బెదిరిస్తున్నావా? వద్దంటే వెళ్ళిపో, వేరేవాళ్ళని తెచ్చుకుంటాను."

నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది. రేపు సోమవారం. ఇతను బండెక్కి వెళ్ళిపోతే వాళ్ళ నాన్న మాటే మాట, ఎల్లుండి ఈ పిల్ల మిరప ఘాటులో కూర్చుని ఉంటుంది. 'హెల్పరైతే హెల్పరు, ముందు చేరవే' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పైకి చూశాను. ఆ పిల్ల నావైపు చూడటం లేదు, మేనేజరు వైపే చూస్తోంది. నోరు మూసుకున్నాను.

ఇంటామె గడపలోంచి బయటికి వచ్చింది, నా బురఖా ఇంకా చేతిలోనే ఉంది. "ఎవరిని తెచ్చుకుంటావయ్యా? నా మిద్దె మీద ఆ పిల్ల చేత్తోనే కలపాలి. లేదా, ఈ సామాను మొత్తం ఇప్పుడే దించుకుని తీసుకుపో."

"మా మిద్దె మీదా అంతే!" అని పక్క మిద్దె మీదినుంచి ఒకామె. "మా ఇంటికీ ఆ పిల్లే" అని అవతలినుంచి ఇంకొకామె. ఆ వెనక ఎవరో కోడలు, మొన్న స్నానం దగ్గర కేకపెట్టిన అమ్మాయట, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

మేనేజరు తలెత్తి చుట్టూ చూశాడు. ఏ మిద్దె మీద చూసినా ఆడవాళ్ళే. ఒక్కళ్ళూ దిగేట్టు లేరు. ఫోన్ తీసి వీధి చివరికి నడిచాడు. చాలాసేపు మాట్లాడాడు. చేతులు తిప్పాడు, తల గోక్కున్నాడు, ఒకసారి మా వైపు చెయ్యి చూపించి ఎవరికో ఏదో వివరించాడు. ఈలోగా పక్కింటామె చెంబుకి తాడు కట్టించి పైకి మజ్జిగ పంపింది. పిల్ల కనెక్టరు కొసలు వదలకుండానే, చెంబు మోచేతుల మధ్య ఇరికించుకుని తాగింది.

ఆమె జేబులో ఫోన్ మోగింది. అప్పుడు కొసలు జాగ్రత్తగా స్ట్రక్చర్‌కి తగిలించి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఫోన్ తీసి చూసింది. లోలోపల ఒకసారి చదువుకుంది. తర్వాత వీధంతా వినపడేట్టు పైకి చదివింది. తన పేరు, కంపెనీ పేరు, ఆ తర్వాత "టెక్నీషియన్" అన్న మాట, పర్మనెంటు అన్న మాట. టెక్నీషియన్ అన్నదాన్ని రెండోసారి చదివింది. మిద్దెల మీద ఈలలు పడ్డాయి. మా పల్నాటి ఆడవాళ్ళు అంత బాగా ఈల వేస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎందుకు దాచుకోవాలి?

ముందు ఆ మెసేజిని వాళ్ళ నాన్నకు పంపింది. తర్వాత వంగి కనెక్టరు కలిపింది. కింద గోడకున్న ఇన్వర్టర్ దీపం వెలిగింది. ఇంటామె దానికి దణ్ణం పెట్టబోయి, మళ్ళీ ఏమనుకుందో మానేసి, పిల్లకే పెట్టింది.

మేనేజరు చెమట తుడుచుకుంటూ నిచ్చెన దగ్గరికి వచ్చాడు. "అయిపోయింది కదమ్మా, నువ్వు గెలిచావు. ఇంక దిగు, బండి బయల్దేరాలి."

"ఇప్పుడేగా సార్ ఉద్యోగంలో చేరింది, అప్పుడే దిగమంటారేంది?" అని, స్పానర్ నడుముకు దోపుకుని, పిట్టగోడ దాటి పక్కింటి మిద్దె మీదికి నడిచింది.